నెత్తిమీద ఫ్లెక్సీ

ఆ ఉదయం నుంచి లుదివినా మెట్లు ఎక్కడం, దిగడం తప్ప మరో పని చెయ్యలేదు. మనీలాలో పెద్ద రోడ్డుని ఆనుకుని ఉన్న ఇరుకు వీధిలో వాళ్లది మూడంతస్తుల ఇల్లు. కింద ఆమె లాండ్రీ, మధ్య అంతస్తులో బావగారు ఎఫ్రెన్, పైన ఆమె. భర్త దాంతే ఓడలో వంటవాడు. ఇంట్లో కన్నా సముద్రం మీదే ఎక్కువ ఉంటాడు. ఆమె గదుల పైన కప్పు, కప్పు మీద ఇనుప హోర్డింగు. దాని మీద షాంపూ ఫ్లెక్సీ. ఒక సినిమా నటి తల వెనక్కి వాల్చి, జుట్టు విరబోసుకుని వీధి మొత్తాన్ని చూస్తూ నవ్వుతుంటుంది.

రేడియోలో మూడో నంబరు తుఫాను హెచ్చరిక చెప్పారు. రోడ్డు పొడవునా మిగతా హోర్డింగుల ఫ్లెక్సీలన్నీ ముందురోజే దింపేశారు. ఉత్త ఇనుప చట్రాలు నిలబడి ఉన్నాయి. వీళ్ల ఇంటి మీద ఒక్కటే ఇంకా నవ్వుతోంది.

"బావగారూ, కంపెనీకి మళ్లీ ఫోన్ చేశారా?" అంది లుదివినా, ఎఫ్రెన్ గుమ్మంలో నిలబడి.

"చేశాను. ఎత్తట్లేదు."

"ఇంకోసారి చెయ్యండి."

"ఎన్నిసార్లమ్మా? వాళ్లకి మాత్రం తుఫాను కాదా! ఎక్కడో ఇరుక్కుని ఉంటారు. వస్తార్లే."

"వాళ్లొచ్చేసరికి ఆ మహాతల్లి మన వంటింట్లో కూర్చుంటుంది."

ఎఫ్రెన్ నవ్వలేదు. భార్య పోయాక ఆయన నవ్వడం తగ్గించాడు. హోర్డింగు కంపెనీ ఏడాదికోసారి ఇచ్చే అద్దెతోనే ఆయన బతుకు గడిచేది. ఆ చట్రం గురించి ఎవరు ఎత్తినా తన కంచం లాక్కుంటున్నట్టు ముడుచుకుపోయేవాడు.

లుదివినా పైకి వెళ్లింది. వంటింటి కప్పులో, గోడ కలిసేచోట ఒక బీట ఉంది. ఎప్పట్నుంచో ఉన్నదే. కానీ ఇప్పుడు గాలి విసిరినప్పుడల్లా అది విచ్చుకుని మళ్లీ మూసుకుంటోంది. పైన ఇనుము మూలిగిన ప్రతిసారీ సన్నగా సున్నం రాలుతోంది. అన్నం గిన్నె మీద మూత పెట్టింది. బీటకి వేలు ఆనించింది. గోడ కదులుతున్నట్టు వేలికి తెలిసింది. గబగబా కిందికి దిగి ఎఫ్రెన్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"చూడండి!"

"పాత బీటే కదా లూడీ."

"పాతదే. పాతది ఊపిరి పీలుస్తుందా?"

ఆయన కాసేపు తలెత్తి చూశాడు. ముఖం పాలిపోయింది. అయినా, "ఆ ఫ్లెక్సీని మనం ముట్టుకోకూడదు. ఒప్పందంలో ఉంది. కోసేస్తే నా మీద కేసు పెడతారు," అన్నాడు.

"సంతకం మీది. నెత్తి నాది."

ఎదురింటి రేకుల కింద ఉండే పాసింగ్ పెద్దమ్మ అప్పుడే కిటికీలోంచి కేకేసింది. "ఏమే లూడీ! నీ సినిమా ఆవిడ డాన్సు ఆడుతోందే! నా మీద పడిందంటే దెయ్యమై వచ్చి, నువ్వుతికిన బట్టలన్నీ బురదలో పడేస్తా!"

"స్కూలుకి పో పెద్దమ్మా! అందరూ అక్కడే తలదాచుకున్నారు!"

"ఆ చాప మీద పడుకుంటే నా నడుం మళ్లీ లేస్తుందా? నువ్వొచ్చి లేపుతావా?" కిటికీ ధడాలున మూసుకుంది.

ఫ్లెక్సీ పడితే ముందు పడేది ఆ రేకుల మీదే. లుదివినా ఇంక ఆలోచించలేదు. చేపలు కోసే కత్తి తీసుకుంది. లాండ్రీలో బట్టలారేసే నైలాన్ తాడు నడుముకి చుట్టుకుంది. కప్పు మీదికెళ్లే తలుపు తీయగానే గాలి ఆమెను వెనక్కి తోసింది. రెండోసారి తలవంచుకుని వెళ్లింది.

పైన నిలబడటానికి లేదు. ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బి, చట్రాన్ని ముందుకు లాగుతోంది. కట్టు కట్టుకీ తాళ్లు బిగుసుకుని వణుకుతున్నాయి. వాన సూదుల్లా గుచ్చుతోంది. ఇనుప నిచ్చెన రెండు మెట్లు ఎక్కిందో లేదో, వెనకనుంచి ఎవరో తాడు పట్టుకుని లాగారు.

"దిగు! పిచ్చి పట్టిందా నీకు? దాంతేకి నేనేం చెప్పాలి?" ఎఫ్రెన్ అరుస్తున్నాడు.

"దిగను! వదలండి!"

"దిగవా?"

"దిగను!"

ఆయన తాడు వదల్లేదు. దాన్ని నీళ్ల ట్యాంకు స్తంభానికి రెండు చుట్లు చుట్టి, కొస తన నడుముకి కట్టుకున్నాడు. "కింది తాళ్లు కొయ్యి ముందు! పక్కవి ముట్టుకోకు!" అని అరిచాడు. ఆ మాట సగమే ఆమెకి వినపడింది.

వినపడని సగమే కొంప ముంచింది. ఆమె చేతికందిన ఎడమవైపు తాళ్లు కోసింది. నాలుగో తాడు తెగీ తెగకముందే గాలి ఫ్లెక్సీ కిందకి దూరింది. ఆ అంచు కొరడాలా వెనక్కి విసురుకుని ఎఫ్రెన్ భుజం మీద కొట్టింది. ఆయన కూలబడిపోయాడు. లుదివినా నిచ్చెన దిగి ఆయన దగ్గరికి పాకింది.

"బావగారూ! బావగారూ!"

"నన్ను కాదు... అటు చూడు."

ఆమె చూసింది. ఫ్లెక్సీ తనంతట తనే చిరుగుతోంది. నవ్వు మధ్యలోంచి రెండు ముక్కలైంది. ఒక్క గుంజుతో మొత్తం ఊడి, వీధి మీదుగా ఎగిరి, పాసింగ్ పెద్దమ్మ రేకుల్ని దాటి, కరెంటు తీగల మీద పడింది. ఢామ్మని పేలింది. వీధి చివరిదాకా దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

ఇనుము మూలుగు ఆగింది. అది ఆగిందని వాళ్లకి కాస్సేపటిదాకా తెలియలేదు.

తుఫాను వెళ్లిపోయింది కానీ కరెంటు రాలేదు. ఫ్రిజ్‌ల్లో చేపలు పాడయ్యాయి, మోటార్లు ఆడక నీళ్లు లేవు. స్కూలు నుంచి తిరిగొచ్చిన జనం లాండ్రీ ముందు గుమిగూడారు.

"ఎవరు కోశారు? కోసేముందు కింద తీగలున్నాయని తెలీదా?"

"పడుతుందో లేదో తెలీకుండానే వీధంతా చీకటి చేశారు!"

లుదివినా నోరు తెరిచేలోగా ఎఫ్రెన్ ముందుకొచ్చాడు. ఎముక విరిగిన చెయ్యి మెళ్లో గుడ్డకి వేలాడుతోంది. "నేనే కోశాను. అడగాల్సింది నన్ను," అన్నాడు.

లుదివినా ఆయన వైపు చూసింది. "ఈయన తాడు పట్టుకున్నాడంతే. కత్తి నాది," అంది జనంతో.

"అయితే ఇద్దర్నీ తిడతాం!" అంది వెనకనుంచి పాసింగ్ పెద్దమ్మ. "కానీ ముందు ఆ ఫ్లెక్సీ ముక్కలివ్వండర్రా, పైన కప్పుకోడానికి! పక్కవాళ్ల రేకులెగిరిపోయాయి." ఎవరో నవ్వారు. తీగల మీంచి దింపిన ఫ్లెక్సీని మగవాళ్లు కోసి పంచుకున్నారు. తిట్లు మాత్రం కరెంటు వచ్చేదాకా ఆగలేదు.

ఎండ కాసిన రోజు ఇద్దరూ కప్పు మీదికి వెళ్లారు. చట్రం వెనక కాలు దగ్గర కాంక్రీటు పెళ్లగిలి, బోల్టులు రెండు వేళ్ల మందాన పైకి లేచి ఉన్నాయి. మిగతా కాళ్ల చుట్టూ బీటలు. ఎఫ్రెన్ దాని పక్కనే చతికిలబడ్డాడు. పైకి లేచిన బోల్టుని వేలితో కదిపి చూశాడు.

"దీని కిందేనా నిన్ను పడుకోబెట్టింది ఇన్నేళ్లూ," అన్నాడు.

కంపెనీవాళ్లు ముందు నష్టపరిహారం అడిగారు. ఎఫ్రెన్ వాళ్లని పైకి తీసుకెళ్లి ఆ బోల్టులు చూపించాడు. ఆ తర్వాత వాళ్లు అడగలేదు. కొత్త ఫ్లెక్సీ కడతామన్నారు. వద్దన్నాడు. క్రేను వచ్చి చట్రాన్ని ముక్కలుగా దింపింది. అద్దె పోయింది. ఎఫ్రెన్ లాండ్రీలో ఒంటి చేత్తో ఇస్త్రీ నేర్చుకున్నాడు; మొదటివారంలోనే ఒక పెళ్లికొడుకు చొక్కా మాడ్చాడు.

ఆ సంవత్సరమే ఇంకో తుఫాను వచ్చింది. ఈసారి పాసింగ్ పెద్దమ్మ ఎవరూ పిలవకుండానే చాపా, గంజి గిన్నే చంకన పెట్టుకుని లాండ్రీలో దిగింది. బయట గాలి గోల పెడుతోంది. ముగ్గురూ వాషింగ్ మిషన్ల మధ్య కూర్చున్నారు. లుదివినా తల పైకెత్తి, చెవులు రిక్కించి వింటోంది.

"ఏమైనా వినపడుతోందా?" అన్నాడు ఎఫ్రెన్.

"లేదు. వాన చప్పుడే."

"మరింకేంటి?"

"ఏమో బావగారూ. నమ్మబుద్ధి కావట్లేదు."

ఆయన తన గిన్నెలోంచి కాస్త గంజి ఆమె గిన్నెలో ఒంపాడు. "తాగు. చల్లారిపోతుంది," అన్నాడు. ఆమె తాగింది. కానీ చూపు కప్పు మీంచి దించలేదు.