అడుగులు లేని పాప

సెలవు దొరికితే చాలు, కండక్టరు పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని పొద్దుటి పడవలో దీవికి వెళ్తాడు. దీవి పెద్దదేం కాదు, ఈ చివర పిలిస్తే ఆ చివర పలుకుతారు. ఇసుక మాత్రం పిండిలా మెత్తన. ఎర్రజెండా పాతిన చోటిదాకా నీళ్ళు నడుం దాటవు కాబట్టి పిల్లల తల్లులు నిశ్చింతగా కాళ్ళు చాపుకుని కూర్చుంటారు.

ఈసారి అత్తగారు కూడా వచ్చింది. రోజంతా బస్సులో గొంతు చించుకునే మనిషికి ఈవిడ ఎదుట మాట పెగలదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఏం చెప్పాలన్నా భార్య మీదుగానే. "మీ అమ్మని కాస్త లోపలికి జరగమను," అన్నాడు పడవలో. ఆవిడ అతని మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరలోనే ఉంది. "జరిగానని చెప్పవే," అంది కూతురితో.

ఆ దీవిలో, ఏ రోజు వచ్చేవాళ్ళ అడుగులు ఆ రోజు తెల్లారేసరికే ఇసుకలో పడి ఉంటాయి. ఎవరు ఎటు నడుస్తారో, ఎక్కడ కూర్చుంటారో, ఎక్కడ నీళ్ళలో దిగుతారో అన్నీ ఉంటాయి. గొడుగులు అద్దెకిచ్చే ఆయన వాటిని చూసుకునే గొడుగులు పాతుతాడు, చిన్న పాదాలున్న చోట ఆడుకోడానికి బకెట్లు పెడతాడు. పడవ దిగినవాళ్ళు చెప్పుల కొట్లోలాగా కాలు పెట్టి చూసుకుని, సరిపోయినవాటిలో కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోతారు. సొంతదారు కాలు పడేదాకా అలలు వాటి జోలికి రావు.

కండక్టరువి చదును పాదాలు, ఇట్టే దొరికాయి. పక్కనే భార్యవి. అత్తగారు కుడికాలు ఈడుస్తుంది గనుక ఆవిడవీ తెలిసిపోయాయి. పాప తండ్రి భుజం మీద నిద్రపోతోంది. స్టాపు స్టాపుకీ తలలు లెక్కపెట్టుకునే అలవాటు ఎక్కడికి పోతుంది? కండక్టరు ఆగి ఇసుకలో అడుగుల్ని లెక్క చూశాడు. పాపవి లేవు.

మళ్ళీ చూశాడు. లేవు.

"మా పాపవి ఎక్కడండీ?" అని గొడుగులాయన్ని కేకేశాడు. ఆయన వచ్చి, వంగి చూసి, తల గోక్కున్నాడు. "నేనిక్కడ బకెట్ పెట్టలేదండీ. ఇక్కడ కూర్చునేవాళ్ళకి పిల్లలు లేరనుకున్నాను."

ఆ మాటకి కండక్టరు పాపని గట్టిగా పట్టుకున్నాడు. పక్క గొడుగుల వాళ్ళు కూడా లేచి వెతికారు. చిన్న పాదం కనబడిన ప్రతిచోటా ఎవరో ఒకరి పిల్లాడు పరిగెత్తుకొచ్చి, కాలు పెట్టి, నాదే అన్నాడు. వచ్చిన పడవ అప్పటికే వెనక్కి తిరిగింది, మళ్ళీ సాయంత్రం గానీ రాదు.

"కంగారు పడకండి. ఆమధ్య ఒకాయనవి కూడా లేవు. కడుపులో తిప్పి, పడవ దిగకుండానే ఇంటికి పోయాడు," అన్నాడు గొడుగులాయన.

"మా పాప దిగింది కదా," అంది భార్య ఏడుస్తూ.

"దిగలేదు. నేను దించలేదు, దించను కూడా," అన్నాడు కండక్టరు.

అన్నమాట ప్రకారం మెడమీద ఎక్కించుకున్నాడు. పాప నిద్ర లేచింది, ఇసుకలోకి పోతానంది, అలిగింది, గుండెల మీద తన్నింది. చివరికి తండ్రి తలని బల్ల చేసుకుని బిస్కెట్లు తింటూ కూర్చుంది. అతను గొడుగు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు, అల కాస్త పెద్దదైతే వెనక్కి జరుగుతున్నాడు. మధ్యాహ్నం అత్తగారు పండు వలిచి అందించింది. ఆవిడ మొహం చూడకుండానే తీసుకున్నాడు.

ఎండ వాలాక పాప అంది: "నాన్నా, అమ్మమ్మ చిన్నగా అయిపోయింది."

"ఎక్కడ?"

"జెండా అవతల. తల ఒక్కటే ఉంది."

కింద నుంచి చూస్తే తళతళలాడే నీళ్ళు తప్ప అతనికేమీ కనబడలేదు. గొడుగు కింద చూశాడు. అత్తగారి చెప్పులు మాత్రం ఉన్నాయి. పాపని భార్య చేతుల్లో పెట్టి, "దించకు," అని నీళ్ళలోకి పరిగెత్తాడు.

జెండా దాటేసరికి అతనికే గొంతుదాకా వచ్చాయి నీళ్ళు. ఆవిడ అరవడం లేదు, చేతులు కొట్టుకోవడం లేదు, మునిగి తేలుతూ అవతలికి పోతూనే ఉంది. జబ్బ పట్టుకుని ఈడ్చుకొచ్చి, లోతు తగ్గాక వీపు మీద వేసుకున్నాడు. దగ్గుతూ ఆవిడ కక్కిన నీళ్ళు అతని మెడ మీద పడ్డాయి.

"మతి ఉందా అత్తయ్యా మీకు? ఎందుకెళ్ళారంత దూరం?"

"దించండి అల్లుడుగారూ, నలుగురూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. ఎందుకెళ్ళారు?"

ఆవిడ ఊపిరి కూడగట్టుకుంది. "నా అడుగులు నీళ్ళలోకి వెళ్ళాయి. తిరిగి రాలేదు. పొద్దున్నే చూసుకున్నాను. పాపవేమో అసలే లేవు. ఇద్దరిలో ఒకరు పోవాలేమో, నేను ఆలస్యం చేస్తే దాని మీదికొస్తుందేమో అనిపించింది."

ఆ గొడుగు కిందే కూర్చుని, పండు వలిచి, మనవరాలి మూతి తుడిచి, ఎప్పుడు లేవాలా అని ఈవిడ సమయం చూసుకుంటోందన్నమాట. తను మాత్రం పొద్దుటినుంచీ సముద్రాన్నే కనిపెట్టుకుని ఉన్నాడు.

"నాతో ఒక్కమాట అనొచ్చు కదా!"

"మీకు చెప్పమని అమ్మాయితో అందామనుకున్నాను. అది భయపడుతుందని ఊరుకున్నాను."

అతను ఏడ్చేశాడు. ఇంతమందిలో సిగ్గనిపించలేదు. ఒడ్డెక్కి కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. ఎదురుగా ఇసుకలో, నీళ్ళ అంచునుంచి రేవుదాకా చదును పాదాలు, చీలమండ మునిగేంత లోతుగా దిగబడి ఉన్నాయి. పొద్దున వాటిని చూసి, ఎవరో లావుపాటి మనిషివనుకున్నారు అందరూ. పక్కనే భార్యవి, అవీ లోతుగానే. కాలు ఈడ్చినవి లేవు, చిన్నవీ లేవు. అతను మొదటి దానిలో కాలు పెట్టాడు. సరిపోయింది.

పాపని ఎత్తుకుని భార్య పక్కకొచ్చింది.

"ఇంక నడుస్తాను, దించండి," అంది అత్తగారు.

"కదలకుండా కూర్చోండి అత్తయ్యా," అన్నాడు కండక్టరు.

రేవు చేరాక కూడా దించలేదు. పడవ రావడానికి ఇంకా చాలా సేపుంది. వీపు మీద ఆవిడ గుండె కొట్టుకోవడం వింటూ అలాగే నిలబడ్డాడు.