చెడిపోని బాయిలర్

ఆ ఏడాది అక్టోబరులో తోరా డ్రెవర్ ఇంట్లో గదులను వెచ్చబెట్టే బాయిలర్ ఆరోసారి ఆగిపోయింది. ఎప్పటిలాగే ఆమె ఎర్లెండ్ హెడిల్‌కు ఫోన్ చేసి, టీకి నీళ్లు పెట్టింది. స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న ఓర్క్నీ దీవుల్లో మాది చిన్న దీవి. ఇక్కడ బాయిలర్లు బాగుచేసే మనిషి ఎర్లెండ్ ఒక్కడే.

తోరాకు అరవై రెండేళ్లు. దీవి బడిలో వంట చేసి రిటైరైంది. ఆమె పెళ్లి చేసుకోలేదు, అన్న సింక్లేర్ కూడా చేసుకోలేదు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర నలభై ఏళ్లు ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. రెండేళ్ల కింద సింక్లేర్ పోయాడు. ఆ తర్వాత ఆ ఇంటికి వచ్చేవాళ్లం ఇద్దరమే మిగిలాం. ఉత్తరాలు ఇచ్చే నేను గుమ్మంలోంచే వెళ్లిపోయేదాన్ని. ఎర్లెండ్ లోపలికి వెళ్లి గంటసేపు ఉండేవాడు.

ఆ రోజు అతను వెనక వరండాలో మోకాళ్ల మీద కూర్చుని బాయిలర్ మూత విప్పాడు. ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూశాడు. అది కీచుమని మొరాయించింది.

"దీని పని అయిపోయింది తోరా."

"పోయినసారీ ఇదే మాటన్నావు. తర్వాత నీ షెడ్డులోంచి ఏదో తెచ్చి వేశావుగా."

"షెడ్డులో చచ్చిన బాయిలర్లూ అయిపోయాయి. కంపెనీవాళ్లు దీని విడి సామాను చేయడం మానేసి ఎనిమిదేళ్లైంది. ఏం చెయ్యమంటావు, నా ఎముకలు పీకి బిగించమంటావా?"

"నీ ఎముకలకు ఎప్పుడో తుప్పు పట్టింది. అవి దేనికీ పనికిరావు."

ఎర్లెండ్ పకపకా నవ్వాడు. టీ తాగాడు, ఓట్స్ రొట్టె మీద చీజ్ పెట్టుకుని మూడు తిన్నాడు. ఎవరి కిరోసిన్ ట్యాంకు కారుతోందో, ఎవరి గొర్రె బురదలో కూరుకుపోయిందో చెప్పాడు. వెళ్తూ వెళ్తూ రెండు పుస్తకాలు బల్ల మీద పెట్టాడు. రెండింట్లోనూ కొత్త బాయిలర్ల బొమ్మలున్నాయి.

"చూసి నువ్వే తేల్చుకో. నవంబరు రాకముందే చెప్పు. ఆ తర్వాత గాలులు మొదలైతే పడవలో ఏదీ రాదు."

ఒకటి తళతళలాడే తెల్ల బాయిలర్. ఎక్కడున్నా సెల్‌ఫోన్‌లోంచే నడపొచ్చట, పదేళ్ల వారంటీ అట. రెండోది బూడిదరంగు డబ్బా. దాన్ని చూసి ఎవరూ ముచ్చటపడరు. తోరా చాలాసేపు పేజీలు తిప్పింది. బొమ్మలు చూసి ఏం తెలుస్తుంది? జనవరిలో ఇది ఆగిపోతే ఫోన్ ఎత్తేదెవరు, సామాను ఎన్నాళ్లకు వస్తుంది? తనకు కావలసిన జవాబులు ఆ రెండే. అందుకని ముందు ఫోన్లే చేసి చూద్దామనుకుంది.

తెల్ల బాయిలర్ వాళ్లకు చేసింది. ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి అన్నారు. తర్వాత ముప్పావుగంట సంగీతం. చివరికి ఒకాయన పలికాడు.

"ఇరవై నాలుగు గంటల్లో మా మనిషి మీ ఇంట్లో ఉంటాడు మేడమ్."

"ఎలా వస్తాడు నాయనా? ఇది దీవి. గాలి లేస్తే పడవ నాలుగు రోజులు కదలదు."

"ఇరవై నాలుగు గంటలనే ఇక్కడ రాసుంది మేడమ్."

"అయితే ఈదుకుంటూ రమ్మను," అని పెట్టేసింది.

రెండో కంపెనీ ఇంగ్లండులో, యార్క్‌షైర్‌లో ఒక చిన్న ఊళ్లో ఉంది. మూడో రింగుకే ఒక ఆడమనిషి ఎత్తింది. పేరు బెవర్లీ అట. తోరా చెప్పిందంతా విని, ఆమె కాసేపు ఏవో కాగితాలు తిరగేసింది.

"మీ ఓర్క్నీ పట్నం కిర్క్‌వాల్‌లో మా సరుకు అమ్మే దుకాణం ఉందండి. ఫ్యాన్, బర్నర్, కంట్రోల్ డబ్బా ఎప్పుడూ అక్కడ ఉంటాయి. ఇరవై ఏళ్ల కింద అమ్మినవాటికి కూడా ఇంకా సామాను చేస్తున్నాం. మీ దగ్గర గాలి బాగా వీస్తుందా?"

"ఇవాళ బట్టలారేసే తాడే ఎగిరిపోయింది."

బెవర్లీ నవ్వింది. ఆ నవ్వు వినగానే తోరాకు కుర్చీ లాక్కుని కూర్చోవాలనిపించింది.

మర్నాడు మళ్లీ చేసింది. పొగగొట్టం ఉప్పుగాలికి తుప్పు పడుతుందా అని అడిగింది. ఆ మర్నాడు ట్యాంకు ఎంత దూరంలో ఉండాలి అని. నాలుగో రోజు అడగడానికి ఏమీ తోచక, కాగితం మీద ఒక ప్రశ్న రాసి పెట్టుకుని మరీ చేసింది. ఇల్లంతా చల్లబడిపోయింది. ఒక్క వంటగదిలో కరెంటు హీటరు పెట్టుకుని, కోటు వేసుకుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఐదో రోజు ఎవరో మగమనిషి ఎత్తాడు.

"బెవర్లీ సెలవులో ఉంది. నేను చూస్తాను, మీ ఇబ్బంది ఏమిటండీ?"

తోరా చేతిలోని ప్రశ్న కాగితం మడిచేసింది. "ఏం లేదు," అని పెట్టేసింది. ఆ సంగతి నాకు చాలా కాలం తర్వాత చెప్పింది. చెబుతున్నప్పుడు కూడా ఆమె ముఖం ఎర్రబడింది.

మూడు వారాలైనా కబురు రాకపోయేసరికి ఎర్లెండే వచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టగానే అతని నోట్లోంచి ఆవిరి వచ్చింది.

"నీకేమైనా మతిపోయిందా? ఇలా ఉంటే నువ్వే గడ్డకట్టుకుపోతావు. ఇంకా ఏం చూస్తున్నావు?"

"ఆ బూడిదరంగుది ఎన్నాళ్లకోసారి చెడిపోతుంది?"

"చెడిపోదు. నేను పదిహేను ఇళ్లలో పెట్టాను. ఏడాదికోసారి సర్వీసు చేస్తే చాలు."

"ఏడాదికి ఒక్కసారేనా?"

"ఒక్కసారే. నా పీడ నీకు విరగడైనట్టే."

అతను సరదాకే అన్నాడు. తోరా లేచి కప్పులు కడగసాగింది. అప్పటికే అవి శుభ్రంగా ఉన్నాయి.

కాసేపటికి అతనే అన్నాడు. "ఇంకో మాట చెప్పనా? రెండేళ్లలో నేనూ మానేస్తా. మోకాళ్లు వంగట్లేదు. నా తర్వాత ఎవడొచ్చినా విప్పగలిగేది పెట్టుకో. ఆ తెల్లదానికి వాళ్ల మనిషే రావాలి, వేరేవాడు ముట్టుకోకూడదట."

తోరా పాత బాయిలర్‌ను ఎన్నాళ్లో లాక్కొచ్చింది. అది ఆగిన ప్రతిసారీ లోలోపల కొంచెం సంతోషించిందని ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది. అలాంటి సంతోషం కోసం ఇంట్లో చలికి వణకడం తెలివైన పని కాదని కూడా ఆమెకు తెలుసు.

"బూడిదరంగుదే తెప్పించు," అంది.

గాలులకు ముందు వచ్చిన ఆఖరి పడవలో అది దిగింది. బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ తోరా మటన్ సూపు కాచింది, బంగాళాదుంపలు ఉడికించింది, ఇద్దరికీ పళ్లాలు పెట్టింది. పాతదాన్ని గోడ నుంచి జరిపినప్పుడు దాని చాటున గోడ మీద పెన్సిల్ రాత కనిపించింది. అది సింక్లేర్ చేతిరాత. ఏ తేదీన ఏం మార్చారో, ఆ రోజు గాలి ఎటునుంచి వీచిందో వరుసగా రాసుకున్నాడు. చివరి వరుస అతను పోయిన నెలది.

"రంగు వేసేయనా?" అని ఎర్లెండ్ మెల్లగా అడిగాడు.

"వద్దు. కొత్తది సన్నగా ఉందిగా, పక్కన కనిపిస్తుంది."

ఎర్లెండ్ టోపీ తీసి ఆ రాతంతా చదివాడు. తర్వాత మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ చలికాలం బాయిలర్ ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రతి గదీ వెచ్చగా ఉంది. పాతది దడదడలాడేది, ఇది అసలు నడుస్తోందో లేదో తెలిసేది కాదు. తోరా ఒక్కోసారి వరండాలోకి వెళ్లి దాని మీద చెయ్యి పెట్టి చూసుకునేది. నేను ఉత్తరాలు ఇవ్వడానికి వెళ్తే తలుపు దగ్గర మాట సాగదీసేది. నేను తొందరలో ఉండేదాన్ని. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జనవరి చివర్లో ఒక ఉదయం ఎర్లెండ్ వ్యాను ఆమె ఇంటి ముందు నుంచి వెళ్తోంది. తోరా ఇంట్లో వేసుకునే చెప్పులతోనే రోడ్డు మీదికి పరుగెత్తి చెయ్యి అడ్డం పెట్టింది. వెనకాలే వస్తున్న నాకూ బండి ఆపక తప్పలేదు.

ఎర్లెండ్ అద్దం దించాడు. "ఏమైంది? ఆగిపోయిందా?"

"లేదు. బాగానే నడుస్తోంది."

"మరి?"

"గురువారం భోజనానికి రా."

అతను తెల్లబోయాడు. "గురువారం పని ఉంది."

"అయితే శుక్రవారం."

"చూస్తాలే," అని అద్దం ఎత్తేశాడు.

శుక్రవారం అతను రాలేదు. ఆ పై మంగళవారం చెప్పకుండా వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వాడిలా కూర్చుని, గంట కాకముందే లేచిపోయాడు. మార్చిలో మరోసారి వచ్చాడు. ఆ రోజు వాన పడుతోందని కాస్త ఎక్కువసేపు ఉన్నాడట. వాన తగ్గాక ఆమె గిన్నెలు కడిగి, అతను కూర్చున్న కుర్చీని మళ్లీ బల్ల కిందికి నెట్టింది.