ప్లైవుడ్‌కి అవతల ఆట

నాకు జ్వరం వచ్చిన రెండో రోజున మా ఇంటి వంతు వచ్చింది. వంతంటే పాటల వంతు. ఎదురింటి పద్మారాణి ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. మా అంతస్తులోని ఆరిళ్లూ అందులో ఉన్నాయి. రోజుకొక ఇల్లు తమకు బాగా నచ్చిన పాటల సినిమానో, స్టేజీ మీద చూసిన ఆటనో అందరికీ చెప్పాలి. లింకులు పంపితే ఒప్పుకోదు. ఎవరి నోటితో వాళ్లు కథ చెప్పి, పాటలు కూడా పాడాలి.

మార్చిలో మొదలుపెట్టినప్పుడు ఎవరి గుమ్మంలో వాళ్లం నిలబడి చెప్పుకునేవాళ్లం. ఏప్రిల్‌లో కరోనా రెండోసారి కమ్ముకునేసరికి నిలబడే ఓపిక పోయింది. ఆరిళ్లలో నాలుగిళ్లు దగ్గుతున్నాయి. సూరత్‌లో మా పేట గోడాదరా అంతా అలాగే ఉంది. అందుకని వాయిస్ మెసేజీలకు దిగాం. పక్కింటి గంగారాం మామ పాడుతూ మధ్యలో దగ్గితే అదేదో కొత్త తాళమనుకుని అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆయన కూడా కాదనలేదు.

"అక్కా, నీ వంతు వచ్చింది. పానం బాగలేకుంటే వారం ఆగుత గని ఎగ్గొట్టుడు మాత్రం లేదు," అంది పద్మారాణి ఫోన్లో. ఊరు మొత్తం మూతబడినా ఆమె దగ్గర సెలవు దొరకదు.

మాది ఒక గది, ఒక వంటిల్లు. ఆ గదినే మా ఆయన బిక్షపతి ఎప్పుడో మధ్యలో ప్లైవుడ్ కొట్టి రెండు చేశాడు. లోపలి సగంలో నేను, నా జ్వరం, ఒక బకెట్టు. బయటి సగంలో ఆయన. మా అమ్మాయి హారతిని నెల మొదట్లోనే బార్డోలీలో మా ఆడబిడ్డ నర్సవ్వ ఇంటికి పంపాం. ఇంట్లో ఉన్న రెండు ఫోన్లలో ఒకటి ఆన్‌లైన్ చదువు పేరుతో దాని వెంట పోయింది. రెండోది నా దిండు కింద ఉంది. ఆయన పనిచేసే పవర్‌లూమ్ కార్ఖానా మూతబడింది కాబట్టి ఇప్పుడు వంట ఆయనదే. ఆయన చేసే పప్పులో పప్పు తప్ప అన్నీ ఉంటాయి. తలుపు కింది సందులోంచి పళ్లెం లోపలికి తోసి, తన వీపును ప్లైవుడ్‌కి ఆనించి కూర్చుంటాడు. నేను ఇవతల నుంచి దానికే ఆనుకుని కూర్చుంటాను. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో మేమిద్దరం అంతసేపు అంత దగ్గరగా కూర్చున్నది అప్పుడే, మధ్యలో ముప్పావు అంగుళం చెక్క ఉన్నా.

వంతు మీద కాసేపు పోట్లాడుకున్నాం. నాది సినిమా, ఆయనది ఆట. నా మాట ఆయన వినిపించుకోలేదు.

"ముందుగాల నాది చెప్త," అన్నాడు. "గవ్వల రాణి ఆట. సిన్నప్పుడు మా ఊర్లె మూడు దినాలు ఆడిండ్రు."

రెండు రోజులు చెప్పాడు. రాజు వచ్చే ముందు ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పట్టుకుంటారు. తెర మీద నుంచి కిరీటం ఒక్కటే కనబడుతూ అరగంట గంతులు వేస్తుంది. తెర దించాక రాజు కుర్చీలో కూర్చోవడానికి ఇంకో గంట. నేను బి.ఏ. చదివినదాన్ని. ఇంత నిదానంగా కూర్చునే రాజు రాజ్యం ఎలా ఏలాడని అడిగాను. ఆయన దానికి జవాబు చెప్పకుండా కథ సాగించాడు. రాజు గవ్వల కోసం సముద్రానికి పోయి తిరిగి రాడు. రాణి వెతుకుతూ బయల్దేరి గాలిని అడుగుతుంది, వాగును అడుగుతుంది, చివరికి చీమను అడుగుతుంది. పాటలో చరణానికి ఒకరు. రాణి వేషం కట్టినాయనకు బుర్రమీసాలట, పాడుతుంటే ఊరి ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకునేవారట.

"ఏ దారిన పోయిండె, ఓ గాలీ, జెప్పవే," అని మా ఆయన అందుకున్నాడు. గొంతు బొంగురు. మగ్గాల మీద బతికినవాళ్లందరిలాగే శ్రుతి కంటే బలం ఎక్కువ. కానీ తాళం ఎక్కడా జారలేదు. గాలికి తాళం నిదానంగా నడుస్తుంది, వాగుకి పరుగు అందుకుంటుంది, చీమకి చిన్న చిన్న అడుగులు, టకటకటక. ప్లైవుడ్ మీద వేళ్లతో కొట్టి చూపించాడు. నా వెన్నులో ఆ చీమ నడిచింది.

మూడో రోజు నా సినిమా మొదలుపెట్టాను. హార్మోనియంలు బాగుచేసేవాడు ఒకడు, వాడి కోసం మంచి హార్మోనియంను రోజూ పాడుచేసే పెద్దింటి పిల్ల ఒకతి. ఏడు పాటలు. పెళ్లయిన కొత్తలో ఇక్కడ సూరత్‌లోనే ఆదివారం పొద్దుటి ఆటకు మా ఆయన నన్ను తీసుకుపోయాడు. నాకు పాటలన్నీ అప్పటికే వచ్చు. తెర మీది హీరోయిన్‌తో పాటు నేనూ పెదవులు కదిపాను. ఆ సినిమా అంతసేపూ మా ఆయన తెర వైపు కాకుండా నా వైపే చూశాడు. ఆ చూపు నేను పందొమ్మిదేళ్లు దాచుకున్నాను. ఎంత గొడవైనా అది గుర్తొచ్చి సగం మాటలు మింగేసేదాన్ని.

కథ చెబుతుంటే ఆయన "ఆఁ" అంటున్నాడు. నేను ఆగినచోటల్లా సరిగ్గా "ఆఁ". మంచి శ్రోత అనుకున్నాను. నాలుగో పాట దగ్గర ఒక ప్రశ్న వేశాను.

"ఆ పిల్ల నాయిన పేరు యాదికున్నదా నీకు?"

"ఆఁ," అన్నాడు.

"ఏంది మరి?"

"ఆఁ. మంచిగున్నది."

జ్వరంలో ఉన్నా నా చెడ్డబుద్ధికి జ్వరం రాలేదు. ఐదో పాటలో హీరోకి బర్రెతో పెళ్లి చేశాను. "తాళి గట్టిండు. బర్రె తల ఒంచుకున్నది. మీ అక్క నర్సవ్వ పెండ్లి పెద్ద," అని ఆగాను.

"ఔ, నిజమే," అన్నాడు మా ఆయన, ఎంతో శాంతంగా. "గట్లనే అయితది."

నేను నవ్వలేదు. నవ్వితే దగ్గొస్తుంది, అది ఒక కారణం. ఆ రోజు ఇంకేమీ చెప్పలేదు. పందొమ్మిదేళ్లు నేను మాట్లాడిందంతా ఈయన ఇలాగే విన్నాడా అని గోడవైపు తిరిగి పడుకున్నాను. ఒళ్లు నొప్పులకు తోడు మనసు నొప్పి కూడా వస్తే ఏ మాత్ర వేసుకోవాలో పద్మారాణి పంపిన మందుల చీటీలో రాసి లేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఊపిరి బరువైంది. వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ పొద్దున తొంభై ఐదు చూపింది, ఇప్పుడు తొంభై ఒకటి. తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాను. తొంభై ఒకటే.

"ఏమయ్యా," అని పిలిచాను.

అవతల ఆయన కూర్చునే ఉన్నాడు. తలుపు సందులో లుంగీ అంచు కనబడుతోంది.

"ఏమయ్యా, జర ఇటు రా."

కదల్లేదు. మూడోసారి పిలిచాను. నాలుగోసారి నా గొంతు నాకే సరిగా వినబడలేదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో మనిషి ఉన్నాడు, నేను పోతే ఆయనకు తెలిసేది పళ్లెం తీసుకోవడానికి వచ్చినప్పుడే. కోపం రాలేదు, కోపానికి ఊపిరి కావాలి. భయం వేసింది. చేతికి దొరికిన స్టీలు చెంబును ప్లైవుడ్ మీదికి విసిరాను.

చెంబు చప్పుడుకి కాదు, వీపుకి తగిలిన అదురుకి లేచాడు. తలుపు తీసుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏందే? ఏమైంది?"

"ఊపిరాడ్తలేదు," అన్నాను, ఆయన రాగానే పైకి లాక్కున్న మాస్కులోంచి.

ఆయన నా కళ్లవైపు చూశాడు, తర్వాత మాస్కువైపు. చెయ్యి చాచి నా మాస్కు కిందికి లాగబోయాడు. ఉన్న బలమంతా పెట్టి ఆ చేతి మీద కొట్టాను.

"తియ్యి జర," అన్నాడు. ఆ గొంతు బతిమాలుతోంది. "ఏం జెప్తున్నవో కనవడ్తలేదు."

ఏడాదిగా మా అంతస్తు మగవాళ్లంతా ఇదే పని చేస్తున్నారు. మాట మొదలవగానే ఎదుటివాడి మాస్కు కిందికి లాగుతారు. మున్సిపాలిటీ వాళ్లు తిట్టినా, జరిమానా రాసినా మానలేదు. మొండితనమనే అనుకున్నాం ఆడవాళ్లం. మగ్గాల హోరులో మాట వినబడదు, పెదవులు చూసే పనులు జరుపుకుంటారని మాకు తెలియనిది కాదు. కార్ఖానా వదిలాక కూడా చెవులు ఆ హోరులోనే ఉండిపోయాయని ఎవరూ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

నేను మాట్లాడ్డం మానేసి ఆక్సిమీటర్ ఉన్న వేలు చూపించాను. అంకె చదివి ఆయన పరుగున పోయి పద్మారాణి తలుపు బాదాడు. ఆమె తనకు తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి, వరండాలోంచే అరిచింది.

"అక్కా! బోర్ల పండు! ఛాతి కింద దిండు వెట్టుకో! గంట లోపట అంకె పెరగకుంటే దవాఖానకు పోవాలన్నడు!"

దవాఖాన అంటే ఆ రోజుల్లో గేటు బయట వరస. బోర్లా పడుకున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి నా వేలినే చూస్తున్నాడు, మగ్గం మీద పోగు ఎక్కడ తెగుతుందో చూసే మనిషిలా. తొంభై రెండు. అరగంటకి తొంభై మూడు. తొంభై నాలుగు వచ్చాక నేను తల ఎత్తి, నాలుగు వేళ్లు చూపించి, పిలిచినట్టు చేత్తో సైగ చేశాను. నాలుగుసార్లు పిలిచానని.

ఆయన ఆ వేళ్లను లెక్కపెట్టుకున్నాడు.

"నీ మూతి కనవడ్తెనే నాకు మాట తెలుస్తది, వినోదా," అన్నాడు. "లేకుంటే ఏదో గాలి లెక్క వస్తది."

దిండు కింద నుంచి ఫోన్ తీసి, పెద్ద అక్షరాల్లో రాసి చూపించాను. ఎప్పటి నుంచి?

"పెండ్లికి ముందటి సంది."

చెప్పొద్దా?

"చెప్తే మీ నాయిన పిల్లనిస్తుండెనా?"

మా నాన్న ఇచ్చేవాడు కాదు. ఇంకో ప్రశ్న రాయబోయి ఆగాను. అడగక్కర్లేదు, తెలిసిపోయింది. ఆ ఆదివారం పొద్దుటి ఆటలో ఆయన నా ముఖం ఎందుకు చూశాడో. పాటలు నా పెదవుల మీద చదువుకున్నాడు. ప్రేమతో చూస్తున్నాడని నేను పందొమ్మిదేళ్లు దాచుకున్న చూపు ఆయనకు సబ్‌టైటిల్స్. ఆ సినిమాలో ఒక్క పాట కూడా ఆయన వినలేదు. అయినా ఇంటికి వస్తూ, పాటలు బాగున్నాయన్నాడు.

కాసేపటికి బయటి గదిలో పెట్టెలు జరుపుతున్న చప్పుడైంది. పాలిస్టర్ దారం కండె ఒకటి పట్టుకుని వచ్చాడు. దారం కొసను నా మణికట్టుకి కట్టి, తలుపు కింది సందులోంచి తీసుకుపోయి, రెండో కొసను తన మణికట్టుకి కట్టుకున్నాడు.

"ఒక్కపారి గుంజితే నీళ్లు. రెండుపార్లు గుంజితే నేనొస్త. వశంగాకుంటే ఇడ్వకుంట గుంజు. తెగినా మంచిదే, తెగింది నాకు తెలుస్తది. పోగు తెగుడు తెల్వకుంట ఇరవై ఎనిమిదేండ్లు మగ్గం నడిపిననా?"

తర్వాతి రెండు రోజులు దారం పనిచేస్తుందో లేదో అని ఊరికే గుంజి చూసేదాన్ని. ప్రతిసారీ గ్లాసెడు నీళ్లు వచ్చాయి. నీళ్లు వస్తే తాగాలి. తాగితే లేవాలి. రెండో రోజుకి పరీక్షలు మానేశాను.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి పద్మారాణి ఇచ్చిన వారం గడువు అయిపోయింది. వేలి మీద తొంభై ఆరు. లేచి కూర్చోవడానికే విసుగ్గా ఉంది, అయినా కూర్చున్నాను. నా సినిమా గురించి చెప్పబుద్ధి కాలేదు. దారం రెండుసార్లు గుంజాను. ఆయన గుమ్మంలోకి రాగానే, అరచెయ్యి చూపించి, ప్లైవుడ్‌కి ఆనించమని సైగ చేశాను. మగ్గం నడకలో తేడా వస్తే ఆయన దాని చట్రం మీద అరచెయ్యి పెట్టి కనిపెడతాడని కార్ఖానాలో చెప్పుకుంటారు. తలుపు మూసుకుంది. అవతల చెయ్యి ఆనిన చప్పుడు మెత్తగా వచ్చింది.

ఫోన్‌లో రికార్డు నొక్కి ప్లైవుడ్‌కి ఛాతీ ఆనించి, వేళ్లతో తాళం వేస్తూ గవ్వల రాణి పాట అందుకున్నాను. ఏ దారిన పోయిండె, ఓ గాలీ, జెప్పవే. రెండు రోజులు విన్న పాట, నా గొంతు చీపురులా ఉంది. గాలిని నిదానంగా అడిగాను. వాగును ఆయాసపడుతూ అడిగాను. ఇక ఊపిరి చాల్లేదు. బర్రె పెళ్లి చేసిన నా పాత బుద్ధి కూడా కొంచెం ఉంది. చీమను వదిలేసి నేరుగా పల్లవికి వెళ్లి, ముగించి ఆగాను.

అవతల "ఆఁ" రాలేదు.

ఫోన్‌లో అంకెలు నడుస్తున్నాయి. తర్వాత ప్లైవుడ్ మీద ధనధనమని కొట్టాడు.

"చీమేది?" అని గద్దించాడు. మూడు అంతస్తులకూ వినబడి ఉంటుంది. "చీమను ఇడిచిపెట్టినవ్! చీమ చెప్పకుంటే రాజెట్ల దొర్కుతడు?"

దారం ఒకసారి గుంజాను, నీళ్ల కోసం. తాగి, ఇంకోసారి ప్లైవుడ్‌కి ఆనుకుని, చీమను అడగడం మొదలుపెట్టాను.