అడగని ఒక్క మాట

జగదేవికి తన ఉద్యోగమంటే ఇష్టం. జైల్లో పనిచేసే మనిషి ఈ మాట పైకి అంటే జనం వింతగా చూస్తారు గనక అనదు గానీ, ఇష్టమే. బీదర్ జైల్లో ఖైదీల మనసు సంగతి చూసే సైకాలజిస్టులకు ఆమె పెద్ద. పెద్ద అంటే ఆమె కింద పెద్ద దండేమీ లేదు, ఉన్నది ఇద్దరే. అందులో షెకినా కాన్పుకని సెలవు మీద పోయింది. ఇక మిగిలింది గిద్యోను ఒక్కడు. వాళ్ళు ఖైదీలతో మాట్లాడి రాస్తారు, రాసింది ఈమె చదువుతుంది, తప్పుంటే వాయిస్తుంది, ఒప్పయితే దస్కతు పెడుతుంది. పొద్దున్నే కమఠాణలో బస్సెక్కి, పదింటికల్లా తన గదిలో కుర్చీ లాక్కుని మొదటి చాయ్ నోట్లో పోసుకునేటప్పుడు "నా అంత నసీబు ఎవరికుంది" అనుకుంటుంది. పందొమ్మిదేళ్ళుగా ఆ లెక్క తప్పలేదు.

ఆ బుధవారం మాత్రం చాయ్ చల్లారిపోయింది. గిద్యోను రాసిన రిపోర్టు అలాంటిది.

రిపోర్టు హన్మయ్య గురించి. హన్మయ్యది సరిహద్దు పల్లె, వ్యవసాయం. పొలం గట్టు తగాదాలో కోపం పట్టలేక పార కామతో కొడితే, వరసకు తమ్ముడయ్యేవాడు ప్రాణం వదిలాడు. ఏడేళ్ళ శిక్ష పడింది. ఆరేళ్ళు అయిపోయాయి. ఒక్కరితో గొడవ లేదు, ఒక్క మాట తూలలేదు. మంచి నడవడి కింద మిగిలిన ఏడాది మాఫీ చేద్దామా అని తేల్చడానికి ఆ రోజు మూడింటికి కమిటీ కూర్చుంటోంది. అన్ని కాగితాలూ సిద్ధం, సైకాలజిస్టు రిపోర్టు ఒక్కటే కావాలి. ఇవాళ తప్పిపోతే కమిటీ మళ్ళీ ఆరు నెలలకు గానీ కూర్చోదు. అలాంటి రిపోర్టులో గిద్యోను ఏం రాశాడయ్యా అంటే, "ఇతడు ఆత్మహత్య చేసుకునే ప్రమాదం ఎక్కువ, ఇప్పుడు విడుదల చేయరాదు" అని రాశాడు.

"ఏందిది గిద్యోనూ? దినాం నవ్వుకుంట ఉల్లిగడ్డలు కోసేటోడు సచ్చిపోతడా?"

"అన్నీ పంచిపెడుతుండు మేడమ్" అన్నాడు గిద్యోను. వాడికి ఇరవై ఆరేళ్ళు, చేరి ఏడాది కాలేదు. "సోమవారం పళ్ళెం, గిలాస ఇచ్చిండు. నిన్న దుప్పటి ఇచ్చిండు. సబ్బుబిళ్ళ సుత ఇచ్చేసిండు. ఉన్నయన్నీ ఇచ్చేసుడు పెద్ద గుర్తు అని మీరే చెప్పిన్రు గద? దాని మీద, అందరికీ 'పోతున్న' అని చెప్తుండు. పోయొస్త అంటలేడు మేడమ్, పోతున్న అంటుండు."

జగదేవి ఫక్కున నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"ఓరి పిచ్చోడా! గది జైలు రివాజు. కమిటీ ముంగటికి పేరు వచ్చిందంటే ఉన్న సామానంత పక్కోళ్ళకు ఇయ్యాలె. జైలు పళ్ళెం ఎంటవెట్టుకపోతే ఆ పళ్ళెం మనిషిని మళ్ళ ఈడికే గుంజుకొస్తదట. ఇగ పోయొస్త అని ఎవడన్నా అంటడా ఈడ? మళ్ళొస్తనని మొక్కుకున్నట్టు గాదా? నువ్వు ఇంట్ల అన్నట్టు ఈడ అంటె చెప్పు దెబ్బలు తింటవ్."

చెప్పేసి ఎర్ర పెన్ను తీసింది. మనసులో కాస్త గర్వంగానే ఉంది. పుస్తకం చదివినవాడికీ, పందొమ్మిదేళ్ళు ఈ గోడల మధ్య తిరిగినదానికీ తేడా ఉండదూ మరి! గిద్యోను రాసిన వాక్యం మీద అడ్డంగా గీత పెట్టబోయింది. జగదేవి ఒకటనుకుంటే తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఆఫీసులో అందరికీ తెలుసు. అయినా గిద్యోను కదల్లేదు. చెమట తుడుచుకున్నాడు. చివరికి అన్నాడు.

"పళ్ళెం జైలుది మేడమ్. దుప్పటి జైలుది. పెండ్లాం ఫోటో జైలుది గాదు గద."

"ఏం ఫోటో?"

"రాచమ్మ ఫోటో. ఇంటి నుంచి తెచ్చుకున్నది. ఆరేండ్లు దిండు కింద పెట్టుకున్నడు. నిన్న మాపటిమీద గది సుత శివప్పకిచ్చిండు. శివప్ప ఆయన పక్క మంచపోడు. వద్దంటె చేతుల పెట్టి పోయిండట."

జగదేవి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇంటికి పోయేవాడు జైలు సామాను వదిలేస్తాడు, సరే. భార్య బొమ్మ ఎందుకు వదిలేస్తాడు? తనకంతా తెలుసన్న ధీమాతో ఒక్క గీత గీసి, ఒక మనిషిని చావుకు సాగనంపేదే కదా! సిగ్గుతో ఆమె మొహం మండిపోయింది. అంత సిగ్గులోనూ ఒక సంతోషం. పై అధికారి నవ్వుతుంటే తల వంచుకుని పోకుండా నిలబడ్డాడు వీడు. పనికొస్తాడు.

"మంచిగ చూసినవ్" అంది. "ఒక్కటి చెప్పు. చావాలనుకుంటున్నవా అని ఆయన్ను అడిగినవా?"

"ఎట్లడుగుత మేడమ్? లేని ఆలోచన మనమే పెట్టినట్టయితది."

"అడిగితె పుట్టదురా, అడగకపోతేనే లోపల పెరుగుతది. ఎన్నిసార్లు చెప్పిన?"

"మరి మీరు అడిగిన్రా?"

గట్టిగా ఏదో అనబోయి ఆగింది. నిజమే. వీడు మూడు పేజీలు రాశాడు, తను మూడు నిమిషాలు నవ్వింది, ఆ ఒక్క మాటా ఇద్దరూ అడగలేదు.

"లే. నడువు, ఇప్పుడు అడుగుదాం."

హన్మయ్య వంటశాలలో ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. జగదేవి మిగతావాళ్ళను బయటికి పంపించి, పప్పు బస్తా మీద అతనికి ఎదురుగా కూర్చుంది. డొంకతిరుగుడు ఆమెకు చేతకాదు.

"హన్మయ్యా, సాఫ్ అడుగుతున్న. చచ్చిపోవాలని గిట్ల అనుకుంటున్నవా?"

హన్మయ్య కత్తి కింద పెట్టాడు. కోపం రాలేదు. ఉలిక్కిపడలేదు. నెత్తి మీది బరువు ఎవరో చెయ్యేసి దించినట్టు భుజాలు జారవిడిచాడు.

"నెల సంది అనుకుంటున్న మేడమ్" అన్నాడు. "ఎవ్వరన్న అడుగుతరేమో అని సుత అనుకున్న."

ఎక్కడ, ఎలా అని కూడా అడిగింది. అతను చెప్పాడు. గిద్యోను రాసుకున్నాడు. ఎందుకని అడిగితే మాత్రం కోసిన ఉల్లిగడ్డలన్నీ ఒక కుప్పగా పోగుచేశాడు.

"రాచమ్మ ఎనిమిది నెలలాయె రాక" అన్నాడు చివరికి. "మొదట్ల వారం వారం వచ్చేది. నన్ను తుడిచేసుకున్నది మేడమ్. నిమ్మళంగ బతుకుతాంది, బతకనీ. రిహా అయి ఇంటికి పోయినంక ఆమె తలుపు తియ్యకపోతె యాడికి పోవాలె? ఫోటో చూసుకుంట ఉంటె పానం గుంజుతాంది, గందుకే ఇచ్చేసిన."

"ఆఖరిపారి ఆమె ములాఖత్‌కు వచ్చినప్పుడు ఏమన్న లడాయి అయ్యిందా?"

"ఏం లే" అని తల తిప్పుకున్నాడు. ఏదో ఉందని ఆమెకు అర్థమైంది, లాగలేదు.

"నువ్వు నాతోని చెప్పింది రాచమ్మకు చెప్పాలె. ఒప్పుకుంటవా?"

తలూపాడు.

రాచమ్మ కొల్హార్‌లో అట్టపెట్టెలు చేసే చిన్న ఫ్యాక్టరీలో పని చేస్తుంది. షిఫ్టులో ఉన్నంతసేపు ఫోన్లు గేటు దగ్గర పెట్టేయాలి, ఎంత మోగించినా ఎత్తేవాళ్ళుండరు. పదకొండున్నరకు గిద్యోను బైకు తీశాడు. హన్మయ్య పక్కన ఒక జవానును కూర్చోబెట్టి జగదేవి గదికి వచ్చింది. తెచ్చుకున్న జొన్నరొట్టె, పుంటికూర అలాగే ఉన్నాయి. రాచమ్మ రానంటే ఏం రాయాలి? విడుదల వద్దని రాస్తే ఆరు నెలలు ఈ గోడల్లోనే ఆ బెంగ పెంచుకుంటాడు. వదలమని రాస్తే బయట రోడ్డు మీద దిక్కులేకుండా నిలబడతాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఫ్యాను కింద కూర్చుని గోడ గడియారాన్నీ, గేటునూ మార్చి మార్చి చూసింది.

రెండుంబావుకు గిద్యోను వచ్చాడు. వెనకాల తలకు ఫ్యాక్టరీ టోపీ అలాగే పెట్టుకుని రాచమ్మ. మనిషి బక్కగా ఉంది గానీ గొంతు మాత్రం గేటు నుంచే వినబడింది.

"ఏమాయె అక్కా? నన్నెందుకు పిలిపించిన్రు? ఆయనకేమన్న అయ్యిందా?"

జగదేవి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. రాచమ్మ నీళ్ళు తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టేసింది. తర్వాత భగ్గుమంది.

"నేను వస్తలేనంటడా? ఆయనే రావద్దన్నడు! ఇనుప జాలీకి అటుపక్క నిలబడి, అందరి ముంగట, 'నువ్వు రాకు, నీ ఏడ్పు మొఖం చూడలేను' అని ఒర్రిండు. రాలే. నాకు పౌరుషం ఉండదా అక్కా? వారానికొకసారి ఫోన్ చేసుకోనిస్తరు గద, రమ్మని ఒక్కపారి చేసిండా? మోగిందేమో అని ఎనిమిది నెలల సంది షిఫ్టు దిగంగనే గేటు కాడికి ఉరుకుతున్న." అంతవరకూ అరిచిన మనిషి, టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈమె అడుగుతుందని అతనూ, అతను పిలుస్తాడని ఈమే, ఇద్దరూ జిద్దుకు పోయి ఎనిమిది నెలలు తగలేశారు. మొగుడూ పెళ్ళాలు ఇద్దరికీ చెరో మొట్టికాయ వేయాలనిపించింది జగదేవికి. ముందు తనూ గిద్యోనూ చెరొకటి వేయించుకుని, ఆ తర్వాత.

మధ్యలో ఇనుప జాలీ ఉండే ములాఖత్ గదికి పంపకుండా హన్మయ్యను తన గదికే రప్పించింది. మధ్యలో బల్ల ఒక్కటే అడ్డం. ఇద్దరూ చెరో గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. ముందు నోరు తెరిచింది రాచమ్మే.

"నా ఫోటో యాడున్నది?"

"శివప్పకిచ్చిన."

"పరాయి మొగోనికి నా ఫోటో ఇచ్చినవా! సిగ్గు శరం ఉన్నదా నీకు?"

గిద్యోను నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. హన్మయ్య తల వంచుకున్నాడు. రాచమ్మ గొంతు తగ్గింది.

"ఇంటికొస్తవా లేదా?"

"రమ్మంటున్నవా?"

"అడుగుతున్న గదయ్యా."

హన్మయ్య రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. రాచమ్మ తను తాగని నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది. జగదేవికి కూడా కళ్ళు నిండాయి, దాచుకోలేదు. కానీ ఒక్క ఏడుపుతో మనసులోని చీకటంతా కొట్టుకుపోతుందనుకునే అమాయకురాలు కాదు. రాచమ్మ ఎదుటే మళ్ళీ అడిగింది.

"హన్మయ్యా, మళ్ళ అడుగుతున్న. ఇప్పుడు ఎట్లున్నది?"

"ఇప్పుడైతె లే మేడమ్" అన్నాడు. కాస్త ఆలోచించాడు. "రేపటిది తెల్వది."

బిల్కుల్ లేదని ఒట్టేసి ఉంటే జగదేవి నమ్మేది కాదు. ఈ జవాబు నమ్మింది. గిద్యోనుకు కొత్త కాగితం ఇచ్చింది.

"రాయి. విడుదల చెయ్యొచ్చు, ఆరు నెలలు వారానికొకపారి మన దగ్గరికి రావాలె, పెండ్లానికి సంగతి తెలుసు."

"రేపటిది తెల్వదన్నది సుత రాయాల్నా మేడమ్? కమిటీ ఒప్పుకోకపోతె?"

"అదే ముందు రాయి. దస్కతు మొదలు నువ్వు పెట్టు. ఫోటో సంగతి పట్టింది నువ్వు."

వాడు పెట్టాడు. దాని కింద ఆమె పెట్టింది. అప్పటికే సూపరింటెండెంటు భీమ్‌రావ్ రెండుసార్లు తలుపు దగ్గరికొచ్చి గడియారం చూపించి పోయాడు.

కమిటీ గదిలో ఆరుగురు కూర్చున్నారు. మామూలుగా వాళ్ళు ఫైళ్ళే చూస్తారు, మనుషుల్ని చూడరు. ఆ రోజు జగదేవి పట్టుబట్టి హన్మయ్యను లోపలికి తెచ్చింది. రాచమ్మను తలుపు దగ్గర నిలబెట్టింది. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దసారు రిపోర్టు చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఏందమ్మా ఇది? చావాలనుకున్నడు, ఇప్పుడు అనుకుంటలేడు, రేపటిది తెల్వదు! ఇట్ల రాసిన రిపోర్టు నేనెప్పుడూ చూడలే."

"నిజం రాసినం సార్" అంది జగదేవి. "రేపటిది చెప్పగలిగేటోళ్ళు ఈ గదిల ఎవ్వరు లేరు. వారానికొకపారి మేము అడుగుతం."

"వారానికి ఏడు దినాలున్నయి. మిగిలిన ఆరు దినాలు ఎవరు పూచీ?"

దానికి జవాబు జగదేవి పందొమ్మిదేళ్ళ అనుభవంలో వెతికింది, దొరకలేదు. హన్మయ్య చేతులు కట్టుకుని, ఇక లాభం లేదన్నట్టు నిలబడ్డాడు. అప్పుడు తలుపు దగ్గర్నుంచి, ఎవరూ పిలవకుండానే, రాచమ్మ లోపలికొచ్చింది.

"నేనడుగుత సార్" అంది. "పొద్దుగాల లేవంగనే అడుగుత, మాపటికి అడుగుత. జవాబు చెప్పకుంటె రొట్టె పెట్ట."

పెద్దసారు ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత దస్కతు పెట్టడానికి పెన్ను మూత తీసి, హన్మయ్య వంక చూశాడు.

"చెప్తవా?"

"చెప్త సార్" అన్నాడు హన్మయ్య.