లాయరమ్మ తరఫున

సామాను ఎక్కించుకుని వ్యాను వెళ్ళిపోయాక ఖాళీ ఇంట్లో అతనికి ఒక్క పనే మిగిలింది. ఇంటి ఓనరు వస్తాడు, గదులన్నీ చూస్తాడు, తాళాలు తీసుకుని అడ్వాన్సు తిరిగి ఇస్తాడు. సాయంత్రంలోగా అదే డబ్బు కొత్త గది వాళ్ళకు కట్టాలి. పైకి చూస్తే అంతే పని. కానీ ఓనరు వచ్చేది అతని కోసం కాదు, అతని భార్యతో వాదన పెట్టుకోవడం కోసం. ఆమె పోయి ఏడాది దాటింది. ఆ సంగతి ఓనరుకు తెలియదు.

ఆయనకు తెలిసే దారి కూడా లేదు. ఉండేది పొరుగూళ్ళో. ఒకప్పుడు కలప కోసే మిల్లు నడిపాడు కాబట్టి అందరికీ మిల్లాయన. ఆ రంపాల మోతకు చెవులు రెండూ తాకట్టు పెట్టి మళ్ళీ విడిపించుకోలేకపోయాడు. అందుకని ఎదురుగా ఉంటే పెదాలు చూసి పోల్చుకుంటాడు గాని ఫోనులో మాట్లాడడు, ఏదున్నా మెసేజీయే. ఆ మెసేజీలు కూడా ఆమెకే వచ్చేవి. ఇల్లు మాట్లాడుకున్న రోజునే ఆమె అడ్వాన్సును సగానికి తెగ్గోసి, "రంగులు మీ ఖర్చు, కుళాయిలు మీ ఖర్చు, వెళ్ళేటప్పుడు ఒక్క గవ్వ కోసినా ఊరుకోను బాబాయ్" అని కట్టడి చేసింది. బస్సు స్టాండులో టికెట్లు ఇచ్చే మనిషి, కోర్టు గుమ్మం తొక్కి ఎరగదు. అయినా ఆ రోజు నుంచి మిల్లాయనకు ఆమె లాయరమ్మే. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే ఆమె మొగుడు ఆ వాదనల్లో కాఫీ కప్పులు అందించే మనిషి, అంతే.

జ్వరమని ఆసుపత్రిలో చేరిన మనిషి తిరిగి రాలేదు. వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం ఆమె ఫోనుకు మెసేజీ వచ్చింది. "లాయరమ్మా, అద్దె రాలేదు. ఏ సెక్షను కింద ఆపావు?"

అతను దాన్ని రెండుసార్లు చదివాడు. తెలిసినవాళ్ళందరి నోటా ఆమె అప్పటికే 'పాపం, మంచి మనిషి' అయిపోయింది. ఆమెను ఇంకా వేళాకోళమాడే మనిషి లోకంలో ఒక్కడే మిగిలాడు. ఉన్నమాట రాద్దామనే మొదలుపెట్టాడు. వేళ్ళు మాత్రం "వంటింట్లో కుళాయి కారుతోంది, ఆ సెక్షను కింద" అని కొట్టాయి. అవతలి నుంచి వెంటనే జవాబు: "ఓడిపోయాను తల్లీ. మనిషిని పంపిస్తా."

ఆ పూట అతను కడుపునిండా తిన్నాడు.

అప్పటి నుంచి అద్దె కట్టే రోజు వచ్చిందంటే ఆమె కాసేపు బతికేది. ఆమె పదును అతనికి ఎక్కడిది? మధ్యలో 'దయచేసి'లు దొర్లిపోయేవి. "ఏంటమ్మా, మరీ మర్యాదగా ఉంటున్నావు? ఒంట్లో బాగుంటోందా?" అని ఒకసారి మిల్లాయన అడిగాడు కూడా. ఇల్లు ఖాళీ చేస్తున్నామన్న మెసేజీ వెళ్ళాక ఆయన రాసింది ఒక్కటే మాట: "అడ్వాన్సు నీ చేతికే ఇస్తా. వాదన ఉంది. తయారుగా ఉండు."

"ఏమయ్యా, బాగున్నావా? లాయరమ్మేదీ?"

గుమ్మంలోంచే కేక. ఇస్త్రీ మడత నలగని చొక్కా, దువ్వి నిలబెట్టిన మీసాలు. పెళ్ళిచూపులకు వచ్చినట్టున్నాడు మిల్లాయన.

"కూర్చోండి బాబాయ్."

"దేనిమీద కూర్చోమంటావు? కుర్చీలన్నీ బండెక్కించేశావుగా!" అని నవ్వుతూ లోపలి గదిలోకి తొంగి చూశాడు. "లాయరమ్మా! దాక్కుంటే కేసు కొట్టేస్తాననుకున్నావా? ఇవాళ నేను గెలవందే కదలను!"

"ఆవిడ లేదు బాబాయ్."

"ఆఁ? గట్టిగా చెప్పవయ్యా! నీ మాట నీ చొక్కా గుండీ దాటి రాదు."

ఈ ఏడాదిలో ఆ మాట అతను చాలాచోట్ల చెప్పాడు. బ్యాంకులో చెప్పాడు, ఆమె పనిచేసిన చోట చెప్పాడు. ఎక్కడా గొంతు పెంచాల్సిన అవసరం రాలేదు. మెల్లగా చెబితే ఎదుటివాళ్ళే తల దించుకుని మిగతాది అందుకునేవారు. ఇప్పుడు మిల్లాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందుకు వంగి, ఆ నవ్వు అలాగే ఉంచుకుని ఎదురు చూస్తున్నాడు.

"చచ్చిపోయింది బాబాయ్! పోయినేడు జ్వరమొచ్చి చచ్చిపోయింది!"

సామాను లేని ఇల్లు ఆ మాటను గదిగదికీ తిప్పి మళ్ళీ అతని దగ్గరికే తెచ్చింది. తన చెవితో తాను ఆ మాట వినడం అదే మొదలని అతనికి అప్పుడు తెలిసింది.

మిల్లాయన గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడ్డాడు.

"మరి నాతో..."

"నేనే."

"కుళాయి గొడవ?"

"నేనే బాబాయ్."

"మొన్న నా మోకాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టుకోమంది?"

అతను తల ఊపాడు.

"పెట్టుకున్నానయ్యా," అన్నాడు మిల్లాయన. "ఆవిడ చెప్పిందని రోజూ పెట్టుకున్నా. నువ్వేమో ఏడాది కిందటే ఏడవడం మొదలుపెట్టావు. నేను ఇవాళ మొదలుపెట్టాలి. ఇదేం న్యాయం?"

అతను కూడా పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆయన తువ్వాలుతో మొహం దాచుకున్నాడు. కిటికీలోంచి పడుతున్న ఎండ ఇద్దరి మోకాళ్ళ మీదికి జరిగింది. మిల్లాయన తిట్టి పోస్తాడనుకున్నాడతను. ఆయన తిట్టలేదు, లేచి పోనూ లేదు. చాలాసేపటికి ముక్కు తుడుచుకుని, "లే. లెక్క తేలాలి," అన్నాడు.

"మీరెంత ఇస్తే అంత, బాబాయ్."

"నోరుముయ్. ఆవిడ కేసు ఇలాగేనా చెడగొట్టేది? ఆవిడ తరఫున నువ్వు మాట్లాడు. గట్టిగా మాట్లాడు." లేచి గోడ మీద తట్టాడు. "ఇదిగో, గోడంతా మేకులు కొట్టి జల్లెడ చేశారు. రంగుల కింద కోస్తా."

"రంగులు మీ ఖర్చని మొదట్లోనే అనుకున్నాం కదా..."

"అలా నసిగేదా ఆవిడ? మళ్ళీ అను!"

అతను కళ్ళు మూసుకున్నాడు. "మేకులు లేకపోతే బట్టలు మీ మీసాలకు తగిలించుకోమంటారా బాబాయ్!"

"అదీ!" మిల్లాయన తొడ చరిచాడు. చెంపల మీద తడి ఆరకుండానే నవ్వాడు. "వంటింటి గోడకు ఆ మసేంటి మరి?"

"పొగ పోయే గొట్టం పెట్టిస్తానని మాటిచ్చింది ఎవరు? ఆ మసి మీది! కావాలంటే గీక్కుని పట్టుకెళ్ళండి!"

ఈసారి వెతుక్కోకుండానే వచ్చింది మాట. తలుపు గడియ దగ్గర ఇంకొకటి, బల్బుల దగ్గర ఇంకొకటి. ఎప్పుడూ ఎవరిమీదా గొంతెత్తని మనిషి నడుం మీద చెయ్యి వేసుకుని కేకలేస్తున్నాడు. మిల్లాయన ఓడిపోతూ ఒక్కో గదీ దాటుతున్నాడు. కాసేపు ఆ ఇంట్లో ముగ్గురున్నారు.

చివరికి చేతులు కడుక్కునే సింకు దగ్గరికి వచ్చారు. అంచు నుంచి కిందిదాకా నిలువునా పగులు. మిల్లాయన మొహం వెలిగిపోయింది. "ఇక్కడ దొరికావు! దీనికేం చెబుతావు లాయరమ్మా?"

అతను పగులు వంక చూశాడు. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళే హడావుడిలో నీళ్ళ బిందె చెయ్యి జారి దాని మీద పడింది. దీనికీ ఆమె ఏదో ఒకటి అనేది. బిగించినప్పుడే వంకరగా బిగించారనేదో, ఇంకేమనేదో. నోరు తెరిచి ఎదురుచూశాడు. ఏమీ రాలేదు.

"అది నేనే పగలగొట్టాను," అన్నాడు.

మిల్లాయన కళ్ళు అతని పెదాల మీదే ఉన్నాయి. గట్టిగా చెప్పమని అడగలేదు.

"ఆవిడ ఒప్పుకునేది కాదు."

"కాదు."

"ఏదో ఒకటి అనేది."

"అనేది బాబాయ్. ఏమనేదో నాకు తెలియడం లేదు."

అయినా మిల్లాయన వెంటనే జేబులో చెయ్యి పెట్టలేదు. చెవికి అరచెయ్యి ఆనించుకుని, సింకు పక్కన తల వంచుకుని కాసేపు నిలబడ్డాడు. ఆమె వాదనకు గడువు ఇస్తున్నట్టుంది. తర్వాత నోట్ల కట్ట తీసి, సింకు ఖరీదు విడదీసి తన జేబులో పెట్టుకుని, మిగతాది అతని చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. మొత్తం ఇచ్చేసి ఉంటే అది ముష్టిలా ఉండేదని అతనికి తెలుసు. ఆయనకూ తెలుసు.

"గెలిచానయ్యా," అన్నాడు మిల్లాయన. ఇన్నాళ్ళకు మొదటిసారి గెలిచిన మనిషి గుమ్మం మెట్టు దిగలేక అతని భుజం పట్టుకున్నాడు.