ఆరని యూనిఫాం

నా పేరు బంగార్రాజు, మా ఆవిడ పేరు కనకదుర్గ. ఇంట్లో అరగ్రాము బంగారం లేకపోయినా కాపరం మాత్రం ఇరవైనాలుగు క్యారెట్లని ఊరంతా చెప్పుకుని నవ్వేవాణ్ణి. నేను జోకేస్తే ఆవిడ "సాల్లే" అనేది, అక్కడితో ఆగేవాణ్ణి. ఆవిడ పోయి రెండేళ్ళు. ఇప్పుడు ఎక్కడ ఆగాలో చెప్పే మనిషి లేదు.

చోడవరం శివార్లో, పాకలో పాకం పట్టడం నా పని. బెల్లం వండుతానన్నమాట. చెరకు సీజను నాలుగు నెలలూ పొయ్యిలో పిప్పి మండుతుంది, నల్లటి నుసి మా వీధి మీద వాలుతుంది. తెల్లచొక్కా బయట ఆరేస్తే సాయంత్రానికి చుక్కలచొక్కా. అందుకని నేనో పద్ధతి కనిపెట్టేను. నా పాక బట్టలూ, మా అబ్బాయి సన్నీ యూనిఫామూ ఒకే బకెట్లో ఉతికి, కిటికీ మూసేసి గదిలోనే తాడు మీద ఆరేయడం.

సన్నీ ఎనిమిదో క్లాసు. శనివారం వాళ్ళ ఉషా టీచర్ ఫోన్ చేసేరు.

"ఏమీ అనుకోకండి బంగార్రాజు గారూ. బాబు దగ్గర వాసన వస్తోందని పక్కన ఎవరూ కూర్చోవట్లేదండి. నెల్నుంచీ ఆఖరి బెంచీలో ఒక్కడే. ఎదిగే వయసు కదా, శుభ్రం సంగతి కాస్త మీరే చెప్పాలి."

కొడుక్కి చంక సంగతి చెప్పడానికి తండ్రికి శంక ఎందుకో! రాత్రంతా మాటలు కూడబలుక్కున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు. ఆదివారం జగ్గారావు సెలూన్‌కి తీసుకెళ్ళేను. సగం క్రాఫింగు అయింది. బెంచీ మీద నలుగురున్నారు. జనాన్ని చూస్తే నా నోరు నా మాట వినదు.

"ఒరే జగ్గారావూ, మావోడికి క్లాసులో కంపెనీ లేదంటరా. కంపున్న కాడ కంపెనీ ఏటుంటాది! తలతోపాటు సంకలు కూడా ఓసారి సూడు!"

నలుగురూ పగలబడి నవ్వేరు. సన్నీ మెడలో గుడ్డ విప్పి కుర్చీ మీద పెట్టేడు. ఒక పక్క జుట్టుతో, ఒక పక్క లేకుండా మెయిన్‌రోడ్డు మీద నడిచి వెళ్ళిపోయేడు.

సోమవారం బడికి వెళ్ళలేదు. మంగళవారమూ అంతే. అన్నం పెడితే తిన్నాడు, కంచం కడిగేడు, మాట మాత్రం లేదు. నేను గోడకి చెప్పుకున్నాను రెండు జోకులు.

మంగళవారం సాయంత్రం జగ్గారావే కత్తెర పట్టుకుని వచ్చేడు. గడప దగ్గరే ఆగిపోయి ముక్కు మూసుకున్నాడు.

"ఏట్రా?"

"ఏటంటే ఏటి సెప్పను బావా! ఇల్లంతా తడిబట్టల ముక్కవాసన. నీకు రాట్లేదా?"

తాడు మీది చొక్కా లాగి వాసన చూసేను. బెల్లం. దిండు చూసేను, బెల్లం. నా అరచెయ్యి కూడా బెల్లమే.

"నీ ముక్కు పాకంలో ములిగి సచ్చింది. గాలాడని గదిలో తడిబట్టలు ఆరతాయేటి, కుళ్తాయి. గుంటడు రోజూ తానం సేసి మళ్ళీ అయ్యే బట్టలు తొడుక్కుని ఎల్తన్నాడు. తప్పు ఆడిదా?"

సన్నీ వింటూనే ఉన్నాడు. వాడి మొహంకేసి చూడలేకపోయేను. జగ్గారావు మిగతా సగం కత్తిరించి, డబ్బులు తీసుకోకుండా వెళ్ళిపోయేడు.

నీళ్ళు కాచి ఇచ్చేను. సన్నీ బాత్‌రూంలోకెళ్ళి గడియ పెట్టుకున్నాడు. తలుపుకి చెప్పేను.

"నాన్నా, నీ వయసులో సెమట మారతాదిరా. నాకూ మారింది, మా అయ్య సెప్పలేదు. సంకల్లో, గజ్జల్లో, కాలివేళ్ళ సందుల్లో సబ్బు పెట్టు. తడి లేకుండా తుడుసుకో. డ్రాయరు రోజూ మార్సు. బట్టల సంగతి నా తప్పు. సెలూన్లో అన్నది ఇంకా పెద్ద తప్పు."

లోపల మగ్గు చప్పుడు ఆగింది.

"నీల్లు సల్లారిపోతన్నాయి. ఎల్లు నాన్నా," అన్నాడు. రెండు రోజుల తరవాత మొదటి మాట.

బుధవారం వాడి యూనిఫాం విడిగా ఉతికి, నుసి పడని వీధిలో ఉండే అప్పలనరసమ్మగారిని బతిమాలి, వాళ్ళ మేడ మీద ఎండలో ఆరేసేను. గురువారం బడికెళ్ళేడు. సాయంత్రం వచ్చేక గుమ్మంలో పక్కన కూర్చుని అడిగేను.

"బెంచీలో ఎవరైనా కూకున్నారా?"

"లేదు. ఉదయ్‌కుమార్ నా పక్కన బ్యాగు పెట్టేడు."

"బ్యాగా?"

"బ్యాగే. ఆడు ముందు బెంచీలో కూకున్నాడు."

బ్యాగు మీద మూడు జోకులు నాలిక చివరికి వచ్చేయి. మింగేసేను.

"ఆడెందుకు కూకోలేదో అడగలేదేట్రా?"

"అడగలేదు," అన్నాడు సన్నీ. "బ్యాగు తీసెత్తాడేమోనని."