మూరెడెత్తున నీలి వెలుగు

లూర్దు మేరీ తడిగుడ్డతో చేపల తొట్టి అద్దాన్ని కిందనుంచి పైకి తుడుస్తూ మధ్యలో ఆగి లోపలి రాతికేసి చూసింది. దానిమీది పువ్వులు నిన్నటికంటే ఇంకా పాలిపోయాయి. చొక్కా బొత్తాలంత ఉండే ఆ పగడపు పువ్వులు తెచ్చిన కొత్తలో ఆకుపచ్చగా, నారింజ అంచులతో ఉండేవి. ఇప్పుడు కాడలు సాగదీసుకుని పైనున్న ట్యూబులైటు కోసం నిక్కుతున్నాయి. ఆకలేసిన పసిపిల్ల మెడ తిప్పి రొమ్ము వెతుక్కున్నట్టుగా ఉంది వాటి వాలకం.

అనకాపల్లిలోని ఆ పిల్లల ఆసుపత్రికి తొమ్మిదింటికి జనం మొదలవుతారు. ఈలోగా నేల తుడిచి, బల్లలు దులిపి, ఉప్పునీటి తొట్టిలో రాత్రి ఆవిరైపోయిన మేరకు మంచినీళ్ళు పోయడం ఆమె పని. అరవై ఒకటో ఏడు. పొట్టి మనిషి. ఎడమ మోకాలు సరిగా వంగదు, అందుకని బరువంతా కుడికాలి మీద వేసి కొంచెం ఒరిగి నిలబడుతుంది. చేతులు మాత్రం ఇంకా వయసుకి లొంగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళపాటు, వేరే వేరే ఆసుపత్రుల్లో ఆయాగా, అప్పుడే పుట్టిన పిల్లల్ని ఎత్తిన చేతులవి.

ఆవేళ ఆమెకి ఆఖరి రోజు. రోలుగుంటలో చెల్లెలు రోజలిన్‌కి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. చూసే దిక్కులేదు. ఆ మాట నెల మొదట్లోనే డాక్టర్ బిందుమాధవికి చెప్పింది. మెట్ల కింద ఆమె సంచీ సర్ది ఉంది.

పదింటికి చేపల తొట్లు బాగుచేసే నానాజీ గాజువాక నుంచి రెండు అట్టపెట్టెలతో వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, హుషారైనవాడు. పాత ట్యూబులైటు బదులు పెట్టడానికి ఒక పెట్టెలో కళ్ళు చెదిరే తెల్లలైటు, రెండోదాంట్లో నీలంలైటు.

డాక్టరమ్మ గదిలోంచి తొంగిచూసింది. వరండా నిండా తల్లులు, ఏడుపులు. "తెల్లదైతే పిల్లలకి చేపలు బాగా కనిపిస్తాయి కదా నానాజీ?"

"కనిపిత్తాయండి. నీలందైతే కోరల్సుకి, అదే ఈ పగడాలకి, మంచిదంటారు. మీ ఇష్టం మేడమ్."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "మేరమ్మా, పొద్దస్తమానం దీని ముందుండేది మీరే. ఏది బాగుంటే అది పెట్టించండి. సాయంత్రం నన్ను కలిసి వెళ్ళండి, మర్చిపోకండి," అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

మేరీ గుడ్డ పిండి బకెట్టు అంచున వేసింది. ఏది కావాలో ఆమెని అడిగినవాళ్ళు తక్కువ. పెళ్ళప్పుడు చీర రంగు కూడా మేనత్తే చెప్పింది.

"ముందర తెల్లది ఎయ్యి బాబూ. ఓ గంట సూద్దాం."

నానాజీ దాన్ని నీటికి జానెడు ఎత్తున కట్టి మీట నొక్కాడు. తొట్టంతా మధ్యాహ్నపు డాబాలా మెరిసిపోయింది. వరండాలో పిల్లలు ఏడుపాపి చూశారు. నారింజ చేప వెళ్ళి రాయి వెనక దాక్కుంది. పావుగంట తిరక్కుండానే పువ్వులు ఒక్కటొక్కటిగా ముడుచుకుపోయాయి.

"కళ్ళు మూసుకుంటన్నాయి. తీసీ," అంది మేరీ.

రెండోది వెలిగింది. ఆ నీలం గోడమీద, బల్లలమీద, ఆమె ముంజేతులమీద పడింది. మేరీ కదలకుండా నిలబడిపోయింది.

ఆ రంగు ఆమెకి తెలుసు. పుట్టిన రెండు మూడు రోజుల్లో పచ్చకామెర్లు వచ్చిన పిల్లల్ని కళ్ళకి గంతలు కట్టి పడుకోబెట్టే లైటు రంగది. దీపానికీ పిల్లకీ ఎంత ఎడం ఉండాలో, ఎప్పుడు పక్కకి తిప్పాలో, ఒంటి పసుపు ఎలా తగ్గుతుందో డాక్టర్లకంటే ముందు ఆమే కనిపెట్టేది. మిగతా ఆయాలు బాత్రూములైనా కడుగుతామనేవారు కానీ ఆ గదిలో రాత్రి డ్యూటీ వద్దనేవారు. మేరీ అడిగి మరీ వేయించుకునేది.

ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆమెకీ ఒక కొడుకు పుట్టాడు. జాన్ బాబు. మూడోరోజుకి అరికాళ్ళదాకా పసుపెక్కాడు. అప్పటికి వాళ్ళ ఊరి ఆసుపత్రిలో ఆ లైటు లేదు. పొద్దుటి ఎండలో పెట్టమన్నారు. వాయుగుండం పట్టి ముసురు. భర్త కృపానిధి బెల్లం మార్కెట్లో మూటలు మోసే కళాసీ. పని మానేసి, పిల్లాణ్ణి గుడ్డలో చుట్టుకుని, గుమ్మంలో నిలబడి మబ్బుకేసి చూస్తూ ఉండేవాడు. ఐదోరోజు సాయంత్రం బిడ్డ పాలు తాగడం మానేశాడు. ఆరోరోజు తెల్లవారి ఎండ కాసింది. అప్పటికి ఎండతో పనిలేదు. ఆ తర్వాత వాళ్ళకి పిల్లలు పుట్టలేదు. కృపానిధి పోయి కూడా పదేళ్ళు దాటింది.

"ఏటి పిన్నీ, బాగులేదా?" నానాజీ అడిగాడు.

"బాగుంది. ఇదే ఉంచు. కాని అంత కిందకి కట్టకు."

"ఎత్తుగా కడితే పవరు సాలదు పిన్నీ. జానెడే కరెక్టు."

"ఆకరికి జానెడే. ఇయ్యాలే కాదు. ఇన్నాళ్ళూ సీకట్లో ఉన్నాయి గదా. సీకటిలోంచి ఒచ్చినోళ్ళని ఒక్కసారే ఎలుగులో తోసేత్తామేటి?" మోచేతినుంచి వేలికొస వరకూ చెయ్యి సాచి నీటిమీద నిలబెట్టింది. "మూరెడు. ఇక్కడికి కట్టు. వారానికి మూడేసి వేళ్ళు దించుకుంటా రావాల."

నానాజీ నవ్వి, ఆమె మాట తీసెయ్యలేక ఫోన్లో వెతికాడు. చదువుతూ చదువుతూ నవ్వు ఆపేశాడు. "నిజమే పిన్నీ. మెల్లగా అలవాటు సెయ్యాలనే రాసున్నాది." లైటుని పైకి లాగి మూరెడెత్తున కట్టాడు. వెళ్ళేముందు, "నాను నెలకోపాలే వత్తాను. వారం వారం ఎవరు దించుతారు?" అన్నాడు.

మేరీ బకెట్టు అంచునున్న గుడ్డ తీసి, అద్దంమీద పడిన అతని వేలిముద్రలు తుడిచింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక అన్నం గిన్నె తెచ్చుకుని తొట్టి ఎదుట బెంచీమీద కూర్చుంది. మూడు గంటలవేళ రాతి మూలన ఒక బొత్తాం పువ్వు అంచు కదిలింది. ముందు సన్నటి వెంట్రుకల్లాంటివి బయటికి వచ్చాయి. తర్వాత, చాలాసేపటికి, పిడికిలి విప్పినట్టు మొత్తం విచ్చుకుంది. దాని పక్కది కూడా. చేతిలో ముద్ద ఎండిపోయేదాకా ఆమె అలాగే చూస్తూ ఉంది.

ఆరున్నరకి బస్సు. ఆరింటికి డాక్టరమ్మ గది దగ్గరికి వెళ్ళింది. మాడుగుల నుంచి ఫిట్సుతో వచ్చిన పిల్లాడు బల్లమీద ఉన్నాడు. డాక్టరమ్మ చేతులు వాడి మీద, కళ్ళు వాడి మీద. తల్లి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మేరీ ఆ తల్లిని భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది, గ్లాసుతో నీళ్ళు తాగించింది. పిల్లాడి ఊపిరి కుదురుగా ఆడేవరకూ గుమ్మంలో నిలబడి, తర్వాత వెనుదిరిగింది. కట్లు కట్టే డ్రెస్సింగు గదిలోకి వెళ్ళి, కాసేపటికి బయటికి వచ్చి, తొట్టి పక్కన కొంచెంసేపు ఆగి, సంచీ తీసుకుని కుడికాలి మీద ఒరుగుతూ మెట్లు దిగింది.

బిందుమాధవి బయటికి వచ్చేసరికి ఎనిమిదవుతోంది. "మేరమ్మా," అని పిలిచింది. నర్సు, "ఎళ్ళిపోయిందండి, బస్సుకి," అంది. డాక్టరమ్మ ఖాళీ వరండా దాటి తొట్టి దగ్గరికి వచ్చింది. నీలపు వెలుగులో తొట్టి పక్క గోడమీద, లైటు అంచుకి సమంగా మొదలెట్టి కిందకి, తెల్లటి ప్లాస్టరు ముక్క ఒకటి అంటించి ఉంది. దానిమీద పెన్నుతో నాలుగు అడ్డగీతలు, మూడేసి వేళ్ళ ఎడంతో; అన్నిటికంటే కింది గీత పక్కన, చదువు రాని చేత్తో గీసిన, విచ్చుకున్న బొత్తాం పువ్వు.